కారే నీళ్ళ వంతు

సుత్తి చప్పుడు ఆగిపోయింది.

ఒదీల్ అప్పుడు ఆప్రికాట్ తోటలో, కాయల బరువుకు వంగిన కొమ్మకు ఊతకర్ర పెడుతోంది. చెయ్యి అలాగే నిలిచిపోయింది. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపు ఊళ్ళో ఎవరూ దాన్ని పట్టించుకోరు. ఆగితే మాత్రం చేతిలో పని వదిలేసి అందరూ కొండవైపు చూస్తారు.

కొండ నడుము చుట్టూ మొలతాడులా పాత కాలువ తిరిగి వస్తుంది. మంచు కరిగిన నీళ్ళు దానిలో పారి, వంతుల ప్రకారం ఇంటింటి పొలానికీ చేరతాయి. కాలువలో ఒక చిన్న చక్రం, చక్రానికి ఒక చెక్క సుత్తి. నీళ్ళు తోసినంతసేపు సుత్తి పలక మీద టక్కు టక్కుమని కొడుతుంది. కొట్టడం ఆగిందంటే పైన ఎక్కడో గండి పడినట్టు. లేదా ఎవరో కొట్టినట్టు.

ఆ ఏడు వసంతంలోనే కాలువ సంఘం ఒదీల్‌ను కాలువనూ వంతులనూ చూసుకునే నీరటిగా ఎన్నుకుంది. పోస్టు బస్సు నడుపుకునే ఆడమనిషికి నీరటి పనేమిటని కొందరు గొణిగారు. "ఆ మలుపుల్లో మీ అందర్నీ ప్రాణాలతో దించుతోంది చాలదా, నాలుగు చుక్కల నీళ్ళు దించలేదా" అని ఫిలొమెన్ అత్త వాళ్ళ నోళ్ళు మూయించింది.

ఫోను మోగింది. సంఘం అధ్యక్షుడు కాందీద్.

"సుత్తి ఆగింది, విన్నావా?"

"వినబట్టే బూట్లు తొడుక్కుంటున్నా."

"వంతెవరిది ఇప్పుడు?"

"ఫిలొమెన్ అత్తది. రేపు పొద్దున్నించి నాది."

"అయితే నేను తొందర పెట్టక్కర్లేదు. నీ కాళ్ళే నిన్ను లాక్కుపోతాయి."

అతను అన్నది నిజమే. తోటలోని చెట్లన్నీ ఒదీల్ తన చేత్తో నాటినవి. రెండేళ్ళుగా పూత మీద మంచు పడి కాపు మాడిపోయింది. ఈ వసంతంలో తెల్లవార్లూ చెట్ల మధ్య మైనపు కుండలు వెలిగించి పూత కాపాడుకుంది. ఇది మొదటి నిండు కాపు. కాయ ఇంకా పచ్చిగా, గట్టిగా ఉంది. రసం దిగాల్సిన సమయం ఇదే. వాన చుక్క లేదు. రేపటి వంతు తప్పితే మళ్ళీ వంతు వచ్చేసరికి కాయలు నేల మీద ఉంటాయి. ఈసారి కూడా పోతే చెట్లు పీకించేస్తానని ఆమె తనకు తానే మాట ఇచ్చుకుంది.

పార భుజాన వేసుకుని గట్టు పట్టింది. కాలువ అడుగున తడి మట్టి తప్ప ఏమీ లేదు. గట్టు వెంట పైకి నడిచింది. బండరాళ్ళు దాటి లార్చ్ చెట్ల తోపులో అడుగు పెట్టగానే నీళ్ళ చప్పుడు వినిపించింది.

ఆ తోపు దగ్గర కాలువంటే ఊరికి మొదటినుంచీ సిగ్గుచేటు. ఏటా వసంతంలో మొదటి నీళ్ళు వదిలేటప్పుడు కాలువలో రంపపు పొట్టు చల్లుతారు. పొట్టు నీళ్ళతో కొట్టుకుపోయి, పగులు ఎక్కడుంటే అక్కడికే పోయి, అందులో చేరి ఉబ్బి దాన్ని పూడ్చేస్తుంది. కాలువ కారకపోవడం ఊరి పరువు. కానీ తోపు దగ్గర మాత్రం ఎంత పొట్టు చల్లినా మింగేసి కారుతూనే ఉండేది. కిందటి నీరటి అక్కడ పొట్టు చల్లడమే మానేశాడు. సోమరి అన్నారు అతన్ని. ఈ ఏప్రిల్‌లో ఊరంతా శ్రమదానానికి కదిలి, తోపు పొడవునా కాలువ అడుగున నల్లటి ప్లాస్టిక్ పట్టా పరిచారు. ఆఖరి మేకు కొట్టింది ఒదీలే. చప్పట్లు కొట్టారు. వైన్ సీసా తెరిచారు. ఆ రోజు నుంచి ఆ చోట ఒక్క చుక్క కారలేదు.

ఇప్పుడు ఆ పట్టా తెగి ఉంది. చించినట్టు కాదు, కత్తితో కోసినట్టు, తిన్నగా. గట్టు మీది పచ్చిక గడ్డలు పారతో తవ్వి ఒక పక్కన వరుసగా పేర్చి ఉన్నాయి. నీళ్ళన్నీ ఆ గండిలోంచి వాలు దిగి పోతున్నాయి.

దొంగ గడ్డల్ని పేర్చిపెట్టడమేమిటి? తిరిగి పెట్టాలనుకున్నవాడే అలా పేరుస్తాడు.

ఒదీల్ నీళ్ళ వెంటే కిందికి దిగింది.

లెయోన్స్ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే పార. దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు. చిన్నప్పుడు బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు ఇద్దరూ. అతని కొట్టంలో ఒకదానితో ఒకటి కుమ్ములాడే జాతి నల్లటి ఆవులు ఓ అరడజను ఉంటాయి. కొట్టం కింద, తోపుకు దిగువన, అతని చిత్తడి నేల.

"వచ్చావా నీరటమ్మా," అన్నాడు. "పాత నీరటయితే ఈపాటికి నా తాతల్నందర్నీ తలుచుకునేవాడు."

"తలుచుకుంటా. కాస్త ఊపిరి పీల్చుకోనీ."

"పీల్చుకో. తొందరేం లేదు."

"ఆ నీళ్ళెవరివో తెలుసా? ఫిలొమెన్ అత్తవి. ఆవిడ చిక్కుళ్ళకి పోవాల్సినవి."

"తెలుసు. అత్తకి వెన్న పట్టుకెళ్ళి నేనే ఒప్పుకుందామనుకున్నా. రేపు తవ్వుదామనే అనుకున్నా మొదట. రేపు వంతు నీది. నిన్న నీ తోట పక్కగా వెళ్ళా. కాయల్ని చూశాక నీ నీళ్ళ మీద చెయ్యి పడలా."

ఒదీల్ భుజాన ఉన్న పార దించి నేలకు ఆనించింది.

లెయోన్స్ ఇంటికి కాలువలో వంతు లేదు. వాళ్ళ ముత్తాత కాలువ తవ్వకానికి రాలేదట. రానివాడి ఇంటికి వంతు రాదు. అది అప్పుడు పెట్టిన కట్టుబాటు. "కారుడు నీళ్ళు తాగేవాళ్ళు" అని ఊరు వాళ్ళను తరతరాలుగా ఎగతాళి చేసింది. తోపు దగ్గర కారిన నీళ్ళు నేలలోకి ఇంకి, కింద ఊటగా పైకి లేచేవి. ఆ ఊట అతని ఆవుల తొట్టి నింపి, మిగిలింది చిత్తడిలో పరుచుకునేది. ఊరు సిగ్గుపడిన చోటే ఆ ఇంటికి ఇన్నాళ్ళూ బతుకుతెరువు.

ఒదీల్ చుట్టూ చూసింది. జూలైలో అక్కడ మోకాళ్ళ దాకా తుంగ ఉండాలి, తూనీగలుండాలి. నేల పగిలి పెచ్చులు లేచి ఉంది. గండి కొట్టిన నీళ్ళు ఆ పగుళ్ళలోకి బుడగలు లేపుకుంటూ దిగుతున్నాయి.

"ఇటు రా. అడుగు చూసి వెయ్యి," అన్నాడు లెయోన్స్.

ఆవు గిట్ట దిగబడిన ఒక గుంటలో అరచేతి లోతు నీళ్ళున్నాయి. దాన్నిండా నల్లటి తోకకప్పలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడనట్టు కదులుతున్నాయి. పొట్ట పసుపు రంగులో ఉండే చిన్న కప్పల పిల్లలవి. ఈ కొండ మీద ఇక్కడ తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

"గుంటలు చాలా ఉండేవి. ఇవి మూడో నాలుగో మిగిలాయి," అన్నాడు. "ఊరి నీళ్ళ తొట్టిలోంచి బకెట్లతో మోశా. కరువు కదా, ఇంక తీసుకోవద్దన్నారు. ఆవులకైతే పర్లేదట, కప్పలకి కుదరదట. ఆవుల పేరు చెప్పి కొన్నాళ్ళు మోశా. ఆవులు పాపం ఏం అనుకున్నాయో."

"సంఘానికొచ్చి చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పను? మీరు వృథా ఆపేశారు, ఆ వృథా నాకు కావాలి అని అడగనా? ఒదీల్, కారినన్నాళ్ళూ ఆ నీళ్ళు ఎటు పోతున్నాయని మీలో ఒక్కరు కిందికి దిగి చూశారా?"

చూడలేదు. ఆఖరి మేకు కొట్టిన చెయ్యి ఒదీల్ జేబులోకి పోయింది.

మళ్ళీ పార అందుకుంది.

"లెయోన్స్, ఇవాళ్టి నీళ్ళు నావి కావు, ఇచ్చెయ్యడానికి. గండి పూడ్చాలి."

"తెలుసు," అన్నాడతను. లేచి ఆమె వెనకే కొండెక్కాడు. ఆమె గడ్డలు పెడుతుంటే చూసి చూసి, తట్టుకోలేక, "అలా కాదు, గడ్డి పైకి పెట్టు, వేళ్ళు కిందికి. బస్సు కాదు అది" అని తానే లాక్కుని పేర్చాడు. పట్టా అంచులు మడిచి రాయి పెట్టాడు. తన గండిని తన చేత్తోనే పూడ్చాడు. కాసేపటికి కింద సుత్తి మళ్ళీ మొదలైంది. అతను కొట్టం వైపు నడిచిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

"ఎవడు వాడు?" అని సాయంత్రం కాందీద్ అడిగాడు.

"రేపు చెప్తా."

"రేపెందుకు? పేరు తెలిస్తే ఇవాళే జరిమానా వేస్తాం."

"ఇవాళ నాకింకా తెలియదు," అంది ఒదీల్. ఎవరో తెలుసు. తనేం చెయ్యాలో తెలియదు. ఒక పక్క తోట. ఇంకో పక్క ఆ గుంట. తోటకు నిండా నీళ్ళు పెట్టడంలో తప్పేమీ లేదు. అది ఆమె హక్కు, ఆమె కష్టం. రెండిటిలో ఏది వదులుకున్నా తప్పు చేసినట్టే ఉంటుందని ఆ సాయంత్రం ఆమెకు బాగా అర్థమైంది.

మర్నాడు పొద్దున వంతు మొదలయ్యే వేళకు ఒదీల్ తోటలోకి నీళ్ళు మళ్ళించే మడవ దగ్గర లేదు. మడవ ముందే తీసిపెట్టి, లార్చ్ తోపుకు ఎక్కింది. నిన్నటి గడ్డల్లో సగం తీసింది. కాలువ రెండుగా చీలింది. ఒక పాయ తోటకు, ఒక పాయ వాలు కిందికి.

సుత్తి నీరసంగా కొట్టడం విని కాందీద్ రొప్పుతూ వచ్చాడు.

"ఒదీల్! ఏం చేస్తున్నావు నువ్వు?"

"కాపలా కాస్తున్నా."

"గండికా?"

"గండి ఏముంది? నీరటిగా చెప్తున్నా, అధ్యక్షా. తోపు దగ్గర కాలువ కారుతోంది."

"కారడమేంటి, నువ్వే తీశావు! కింద ఆ లెయోన్స్ చిత్తడికి పోతున్నాయి నీళ్ళు. నిన్న తవ్వింది వాడేగా? సభ్యుడు కానివాడికి వంతు ఇవ్వకూడదని కట్టుబాటు. నీకు తెలీదా?"

"నేనెవరికీ ఇవ్వట్లేదు. కారుతోందంతే. నూరేళ్ళు కారితే ఊరుకున్నాం. ఒక్కపూట ఊరుకోలేమా?"

"బాగు చెయ్యి మరి. నీరటివి కదా."

"చేస్తా. నా వంతు అయిపోయాక."

కాందీద్ టోపీ తీసి తల గోక్కున్నాడు. కోపం ఉంది అతనిలో, కానీ చెడ్డవాడు కాదు. అతనికీ ఆప్రికాట్ తోట ఉంది. గొంతు తగ్గించాడు.

"పిచ్చిదానా, సగం నీళ్ళతో ఆప్రికాట్లు కావు, ఎండు ద్రాక్షలు కాస్తాయి. రాత్రుళ్ళు మంటలు పెట్టి కాపాడుకున్నావు కదా ఆ పూత. ఎందుకిలా?"

ఒదీల్ పార కొసతో వాలు కిందికి చూపించింది. "నువ్వొకసారి కిందికి దిగి చూసిరా," అంది. అతను దిగలేదు. ఊరివైపు వెళ్ళిపోయాడు.

తోటకు తిరిగి వచ్చి చూస్తే కాందీద్ చెప్పినట్టే జరిగింది. పై వరసలు తడిశాయి. కింది వరసల దగ్గరకు చేరేలోపే నీళ్ళు ఇంకిపోయాయి. మధ్యాహ్నపు ఎండకు ఆ చెట్ల ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి. ఒక కాయ టప్పున రాలింది. ఇంకొకటి. ఒదీల్ వాటిని ఏరి ఒళ్ళో వేసుకుని చెట్టు కింద కూలబడింది. పరిగెత్తుకెళ్ళి ఆ గండి పూడ్చెయ్యాలనిపించింది. వంతు ఇంకా ఉంది. లేచి నిలబడింది కూడా.

అప్పుడే ట్రాక్టరు చప్పుడు. వెనక బండిలో కొండంత ఎండు తుంగ. ట్రాక్టరు ఆపి లెయోన్స్ గడ్డికొంకితో దిగాడు.

"జరుగు," అన్నాడు.

"ఏంటిది?"

"తుంగ. ఆ చిత్తడిలో పెరిగిందే, పోయిన శరదృతువులో కోసింది. ఆవుల కింద పరుపుకి దాచా." చెట్టు మొదట్లో తడి నేల మీద మోపు గుమ్మరించి కాలితో చదును చేశాడు. "ఇంత మందాన పరిచామంటే ఎండ నేలను తాకదు. తడి వారం ఉండేది మూడు వారాలుంటుంది. మా అమ్మ క్యాబేజీలకి ఇలాగే చేసేది. మాకు నీళ్ళు లేవుగా, ఉన్న తడిని కాపాడుకోవడమే మా సేద్యం."

"మరి ఆవులు?"

"పొట్టు మీద పడుకుంటాయి. ఈ ఏడు మీ సంఘానికి పొట్టు బోలెడు మిగిలిందని విన్నా."

ఒదీల్‌కు నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అటు తిరిగి కొంకి అందుకుంది. సాయంత్రం దాకా ఇద్దరూ పరిచారు. తుంగ బురద వాసన, ఎండ వాసన కలిసి తోటంతా పట్టింది.

కింది వరసలకు వచ్చేసరికి లెయోన్స్ ఆగాడు. "పొడి నేల మీద పరిస్తే లాభం లేదు. ముందు తడవాలి."

తడిపేందుకు నీళ్ళు లేవు. ఒదీల్ వంతు ముగిసింది. మాట ఇచ్చినట్టే తోపు దగ్గర గండి పూడ్చి వచ్చింది.

అప్పుడు దిగింది ఫిలొమెన్ అత్త, చేతికర్ర పొడుచుకుంటూ.

"ఒదీల్, నా నీళ్ళు దొంగిలించినవాడు నా గుమ్మంలోకొచ్చి వెన్నముద్ద పెట్టి, టోపీ తీసి నిలబడ్డాడు. ఎనభై ఏళ్ళొచ్చాయి, దొంగతో ఇంత మర్యాద ఎప్పుడూ చూళ్ళేదు. ఏరా, నువ్వేనా ఆ దొంగవి?"

"నేనే అత్తా," అన్నాడు లెయోన్స్.

"వెన్న బావుంది. ఉప్పు తక్కువైంది." ఆమె కింది వరస చెట్టుకేసి చూసి పెదవి విరిచింది. "ఇదిగో, నిన్న పోయిన నా నీళ్ళకు బదులుగా రేపు కాందీద్ అధ్యక్షుడిగా తన వంతులోంచి నాకు కాస్త ఇవ్వాలి. కట్టుబాటు అది. నా చిక్కుళ్ళు కోతకొచ్చేశాయి, నాకెందుకు? ఈ చెట్లకి పెట్టుకో. సభ్యురాలు సభ్యురాలికిస్తే ఏ అధ్యక్షుడూ కాదనలేడు."

"అత్తా, నీకెలా..."

"ఎలాగూ లేదు, ఏం లేదు. పళ్ళు పండాక నాలుగు పంపు. మెత్తనివి చూసి పంపు, పళ్ళు లేవు నాకు."

మర్నాడు కింది వరసలు తడిశాయి. ఆ తడి మీద తుంగ పరిచారు. చివరి రెండు చెట్లు మాత్రం దక్కలేదు. కాయంతా రాల్చేశాయి. మిగతావి నిలబడ్డాయి. ఒదీల్ రోజూ పొద్దున బస్సు తీసేముందు తోటలోకి వెళ్ళి, తుంగ కింద చెయ్యి పెట్టి చూసేది. చల్లగా, తడిగా తగిలేది. చెయ్యి వెంటనే తీసేది కాదు.

కోతలకు లెయోన్స్ వచ్చాడు. పిలవకుండానే వచ్చాడు. అత్త ఒక పెట్టె మీద కూర్చుని పండ్లు ఏరుతోంది. కాయలు నిండుగా నీళ్ళు తాగిన కాయలంత పెద్దవి కావు. కానీ బుగ్గన ఎరుపు తిరిగి, ముట్టుకుంటే వెచ్చగా, కొరికితే చెయ్యంతా కారేంత రసంగా ఉన్నాయి.

"గుంటలో వాటికి కాళ్ళొచ్చాయి," అన్నాడు లెయోన్స్, నిచ్చెన కిందనుంచి. "సగం చచ్చాయి. సగం ఎగురుతున్నాయి."

"నావీ కొన్ని రాలాయి, కొన్ని నిలిచాయి," అంది ఒదీల్.

కాందీద్ కూడా వచ్చాడు. గట్టు మీద నిలబడి కాసేపు చూశాడు. లోపలికొచ్చి బూటు కొసతో తుంగ పైకెత్తాడు. వంగి కింద మట్టి పిసికి చూశాడు. చేతికి అంటుకున్న తడి మట్టిని చాలాసేపు చూశాడు. తన తోటకు దాదాపు నిండు వంతు పెట్టిన మనిషి. ఆ నేల అప్పటికే గట్టిపడి కాలితో తంతే మోగుతోందని ఊరంతా అనుకుంటున్నారు.

"లెయోన్స్," అన్నాడు చివరికి, చేతులు దులుపుకుంటూ. "ఈ తుంగ ఇంకా ఉందా?"

"అయిపోయింది."

"వచ్చే ఏటికి?"

"తుంగ కావాలంటే తుంగకి నీళ్ళు కావాలి, అధ్యక్షా."

కాందీద్ తాను లేపిన తుంగను బూటుతో మళ్ళీ సర్దాడు. టోపీ సరిచేసుకున్నాడు. గట్టు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగాడు.

"పట్టాలో బెత్తెడు వెడల్పున ఒక సందు కోసి, దానికొక చెక్క తలుపు పెడితే... మంచు కరిగేటప్పుడు, నీళ్ళు ఎక్కువగా ఉన్నప్పుడు తీసిపెట్టొచ్చు. ఎండల్లో ఒక్కో ఇల్లూ తన వంతులోంచి కాస్త వదులుకోవాలి. సంఘంలో పెడతా. అందరూ ఒప్పుకుంటారనుకోకు. కేకలేస్తారు. నేనైనా నిరుడయితే కేకలేసేవాణ్ణే." లెయోన్స్ వైపు వేలు చూపించాడు. "నువ్వు మాత్రం వసంతంలో శ్రమదానానికి రావాలి. మీ ముత్తాతలా ఎగ్గొట్టావంటే ఊరుకోను."

"పార నాదే తెచ్చుకోనా, సంఘం ఇస్తుందా?"

"నీదే తెచ్చుకో. బాగా పనిచేస్తుందని విన్నా."

అతను వెళ్ళిపోయాడు. ఒదీల్ నిచ్చెన మీదనుంచి దిగింది. లెయోన్స్ ముందు నిలబడింది.

"నువ్వు ఆ రోజు తుంగ తీసుకురాకపోతే..."

"నువ్వు గండి తియ్యకపోతే తేవాలని నాకు తట్టేదే కాదు," అన్నాడతను గబగబా. "నేనే నీకు చెప్పాలి. ఎలా చెప్పాలో తెలీక ఇన్నాళ్ళూ..."

"కాదు, నేనే..."

"మీరిద్దరూ ఇలా ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటూ నిలబడితే," అంది ఫిలొమెన్ అత్త పెట్టె మీదనుంచి, "పళ్ళన్నీ నేనే తినాల్సొస్తుంది. నాకు పళ్ళు లేవని చెప్పానా లేదా?"

లెయోన్స్ నవ్వుతూ ఖాళీ బుట్ట అందించాడు. ఒదీల్ దాన్ని భుజాన తగిలించుకుని నిచ్చెన పక్క చెట్టుకు మార్చింది.